చుక్క సరిపోలేదు

నాలుగున్నరకి ట్రక్కు ఆగుతుంది.
సాన్ క్రిస్తోబాల్ కొండ నెత్తిన పొగ
ఇంకా చీకట్లో కలిసే ఉంటుంది.
నిన్న తగలబెట్టిన చెరకు తోట మసి
యాదిరా తెల్ల చేతి తొడుగుల మీద
అడక్కుండానే వాలుతుంది.

మడత బల్ల. ఐసు పెట్టె. అరచేతిలో పట్టే మీటరు.
పెట్టెలో పక్కపక్కన పడుకున్న పట్టీలు,
ఒక్కోటి చిటికెన వేలి గోరంత వెడల్పు.
ఒక గీత బొగ్గు సిరాది, ఒక గీత వెండిది.
బొగ్గు గీత కొసన పూసిన ఎంజైము
ఏదో చిక్కుడు జాతి గింజలోంచి తీసిందట,
యూరియా తగిలితే విరగ్గొట్టి పారేస్తుంది.
విరిగిన చప్పుడు మన చెవికి అందదు.
మీటరుకి అందుతుంది, మిల్లీవోల్టుల్లో.

"సూది లేదు, రక్తం లేదు.
ఉమ్మితే చాలు," అంటుంది యాదిరా.

ఉమ్మడం ఎంత తేలికో అనుకుంటాం.
కోపమొస్తే ఒకసారి,
దిష్టి పోవాలంటే మూడుసార్లు,
పనేమీ లేకపోతే లెక్కలేనన్నిసార్లు.
గాజు గొట్టం చేతికిచ్చి నిలబెడితే మాత్రం
నాలుక అట్ట ముక్కై కూర్చుంటుంది.
పన్నెండు మంది మగవాళ్ళు
చెప్పుల వంక చూస్తూ దవడలాడిస్తారు.

యాదిరాకి ఒక ఉపాయం ఉంది, ఏ మాన్యువల్‌లోనూ లేదు.
"పచ్చి హొకోటే కాయ," అంటుంది మెల్లగా.
"పగలగొట్టి, ఉప్పద్ది,
పైన నిమ్మకాయ పిండి..."
ఇంక చెప్పక్కర్లేదు.
వరసంతా గుటకలు.
కోరల్ దగ్గరి డ్రైవరు కూడా గుటకేస్తాడు,
అతని పేరు జాబితాలో లేకపోయినా.

ఫ్రోయిలాన్ మాత్రం వెనక్కి తిరిగి నిలబడ్డాడు.
రోజుకి ఆరు టన్నులు నరికే వీపు.
ఆరు నెలలుగా నోట్లో తుప్పు రుచి అని
వంటావిడతో అన్నాడు, ఇక్కడెవరితోనూ అనలేదు.
తిరిగి వచ్చేసరికి గొట్టం నిండుగా ఉంది.

అంకె చక్కగా వచ్చింది.
మరీ చక్కగా.
వాగు పుట్టిన చోట నీళ్ళలాగా.

యాదిరా గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పింది.
చల్లగా ఉంది.
నోట్లోంచి ఇప్పుడే వచ్చింది చల్లగా ఉండదు.
మూత దగ్గర వాసన: స్ట్రాబెర్రీ,
పిల్లల టూత్‌పేస్టు.

మార్బెలీకి తొమ్మిదేళ్ళు.
తెల్లవారకుండానే లేచి,
కళ్ళు మూసుకునే,
నాన్న పట్టుకున్న సీసాలోకి
బుద్ధిగా ఉమ్మి ఉంటుంది,
ఇదేదో ఆటనుకుని.
ఎంగిలి అని మనం పక్కకి జరిపేది
చొక్కా జేబులో, గుండె పక్కన,
ఒలకకుండా ఇంత దూరం వచ్చింది.

"మార్చి దాకా," అన్నాడతను.
గొంతు పెంచలేదు.
"కోత అయ్యేదాకా ఆగండి. తర్వాత మీ ఇష్టం."
జాబితా ఎర్రబడితే గేటు తెరుచుకోదు,
ఇద్దరికీ తెలుసు.
గేటు తెరుచుకుంటే ఏమవుతుందో
అదీ ఇద్దరికీ తెలుసు.

అబద్ధం రాయడం ఆమెకి రాదు.
నిజం రాయడానికి పెన్ను కదల్లేదు.
చివరికి రాసింది:
చుక్క సరిపోలేదు. రేపు మళ్ళీ.
పైకి మాత్రం, "నీళ్ళు తాగు,
నీడ దొరికినప్పుడల్లా కూర్చో," అంది,
తోటలో నీడ ఎక్కడుందో తనకే తెలియక.

అతను తలూపి చెరకు వరస వైపు నడిచాడు.
మొదటి దుబ్బు ముందు ఆగాడు.
రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి,
అలవాటుగా, చూడకుండానే,
తుపుక్కున ఉమ్మాడు.
చేతులు రుద్దుకుని
కత్తి పిడి బిగించాడు.

బల్ల మీద మీటరు ఇంకా వెలుగుతూనే ఉంది.
ఆ చుక్క సరిపోయేది.